మా ఖుల్లా మోటారు

సాయిబు అనగానే మీ కళ్లముందు రెండు బొమ్మలు కదులుతాయి. ఒకటి నవాబు. షేర్వానీ, అత్తరు, హుక్కా, కరిగిపోయిన ఆస్తి, కరగని దర్జా. రెండోది మెకానిక్. ఆయిలు మరకల బనీను, చేతిలో పానా, కారు కింద నుంచి బయటికి కనపడే రెండు కాళ్లు. మీ సినిమాలు, మీ కథలు ఈ రెండు బొమ్మలతోనే పని కానిచ్చాయి. ఈ రెండింటి నడుమ మేము ఎక్కడున్నామో వెతికే తీరిక ఎవరికీ లేకపోయింది.

మా ఇంట్లో ఒక పాత కారుంది. పైకప్పు వెనక్కి మడిచేసే కారు. 1930లలో ఇంగ్లాండులో తయారైన మోరిస్ ఎయిట్. మా దాదా కాలం నుంచి ఉంది. ఊళ్లో దాని పేరు ఖుల్లా మోటారు. దాన్ని బాగుచేయిస్తున్నామని చెప్పగానే హైదరాబాద్ మిత్రులు అడిగిన మొదటి మాట: "అయితే మీది నవాబుల ఖాందానా?"

కాదు. ఆ కారు వెనక సీట్లో కూర్చున్నది ఒక సర్కారీ అధికారి. ముందు సీట్లో కూర్చుని నడిపింది మా దాదా. ఆయన జీతగాడు. మాకు సంక్రమించింది వెనక సీటు చరిత్ర కాదు, ముందు సీటు చరిత్ర. ఈ తేడా తెలియక మమ్మల్ని మీరు ఎన్నో లెక్కల్లో తప్పుగా కలిపారు.

మాది నిజామాబాద్ జిల్లా ఆర్మూరు. నాగపూర్ నుంచి హైదరాబాద్ పోయే పెద్ద రోడ్డు, ఒకప్పుడు 7వ నంబరు, ఇప్పుడు 44వ నంబరు జాతీయ రహదారి, నిజామాబాద్ నుంచి జగిత్యాల వైపు పోయే రోడ్డును ఇక్కడే దాటుతుంది. నవనాథ సిద్ధుల గుట్ట కింద ఊరు. తొమ్మిదిమంది సిద్ధుల ఊరు గనుక ఆరూ మూడూ కలిసి ఆర్మూరయిందని మా ఊరి పెద్దలు చెప్పే మాట. చుట్టూ పసుపు చేలు. జనవరి వచ్చిందంటే తవ్వుడు, ఉడకబెట్టుడు, కళ్లాల్లో ఆరబెట్టుడు, డ్రమ్ముల్లో వేసి తిప్పి పాలిష్ పట్టుడు. ఆ నెలల్లో గాలి పసుపు, బట్టలు పసుపు, నోట్ల కట్టలు పసుపు. మార్కెట్ యార్డులో నిలబడి మాటలు వినండి: అడ్తి, ఖరీదుదారు, హమాలీ, దడ్వాయి, తాడిపత్రి. అంటున్నది తెలుగు రైతు. ఇవి మా మాటలని మేము అనుకోం, పరాయి మాటలని అతడూ అనుకోడు. అవి మార్కెట్ మాటలు. మా దాదా బతికింది ఆ భాషలో.

దాదా మొదట టాంగా తోలేవాడు. 1932 జూన్‌లో నిజాం స్టేట్ రైల్వే 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. కళ్లెం పట్టిన చేతులు స్టీరింగు పట్టుకోవడం మొదలైన కాలం అది. దాదా నిజామాబాద్ పోయి, ఒక షెడ్డులో రెండేళ్లు కడుగుడు తుడుచుడు చేసి, డ్రైవరీ నేర్చుకున్నాడు. ఆ తర్వాత ఈ అధికారి దగ్గర కుదిరాడు. నెలకు 18 హాలీ రూపాయల తలబ్. తలబ్ సరిగ్గా ముట్టింది తక్కువ.

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి వచ్చింది. 17న నిజాం లొంగిపోయాడు. అంతకు ముందు రజాకార్లు ఊళ్లమీద పడి దోచింది, చంపింది నిజం. దాన్ని దాచడానికి మేము ఈ వ్యాసం రాయడం లేదు. ఆ తర్వాత ఏ పాపం ఎరగని సాయిబుల మీద పగ తీర్చుకున్నదీ అంతే నిజం. సుందర్‌లాల్ కమిటీ ఆ చావుల్ని 27 వేల నుంచి 40 వేల దాకా లెక్కగట్టింది. ఆ నివేదికను దశాబ్దాలపాటు తొక్కిపెట్టారు. జనం చదివేందుకు వీలయింది 2013లో. ఎక్కువ ఘోరం జరిగిన జిల్లాలుగా ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ పేర్లు అందులో ఉన్నాయి. నాందేడ్ మాకు పొరుగు జిల్లా. అక్కడి కబురు మాకు ఒక్క రాత్రిలో వచ్చేది.

ఆ రోజుల్లో మా దాదానూ ఆ కారునూ దాచింది ఒక కాపు రైతు. కారును పసుపు కొట్టంలోకి నెట్టి మీద గడ్డి కప్పాడు. మనిషిని ఇంట్లో పెట్టుకున్నాడు. ఎవరొచ్చి అడిగినా "మా బావ" అన్నాడట. ఆ ఇంటివాళ్లను మేము ఇప్పటికీ మామా, అత్తా అనే పిలుస్తాం. ఈ పిలుపు ఏ సెక్యులర్ సభలోనూ నేర్చుకున్నది కాదు.

తర్వాతి ఏడు ఆ అధికారి కొలువు పోయింది. పెట్టెలు సర్దుకుని, మన్మాడ్ రైలెక్కి బొంబాయి, అక్కడి నుంచి ఓడలో కరాచీ పోయాడు. పోతూ పోతూ, బాకీపడ్డ 11 నెలల తలబ్ కింద ఈ కారును దాదాకు రాసిచ్చాడు. స్టాంపు కాగితం, ఉర్దూ రాత, తేదీ 1358 ఫస్లీ. "నువ్వు కూడా వచ్చెయ్" అన్నాడట. "మోటారు విలాయతుది సాబ్, దాన్నే ఇక్కడ విడిచి పోతున్నారు. నేను ఆర్మూరోణ్ని, నేనెట్ల వస్త?" అన్నాడట దాదా. మా దాదీ ఈ మాట చెప్పినప్పుడల్లా నవ్వేది.

పోగలిగినవాళ్లు పోయారు. మిగిలింది డ్రైవర్లు, దర్జీలు, దూదేకులవాళ్లు, కసాబులు, బీడీలు చుట్టే ఆడవాళ్లు. కారు తలుపు తీసి పట్టుకున్నవాళ్లు. "పాకిస్తాన్ పోండి" అన్న మాట వినవలసి వచ్చింది మాత్రం వీళ్లే. ఆ మాటకు మా దాదా జవాబు 1949లోనే చెప్పాడు. ఎవరూ రాసుకోలేదు.

ఆ కారుతో దాదా ఏం చేశాడు? షికారు చేయలేదు. బతుకు తెరువు చేశాడు. పైకప్పు మడిస్తే పెండ్లికొడుకు ఊరంతటికీ కనపడతాడు. అందుకని ఆర్మూరులో, చుట్టుపక్కల ఊళ్లలో పెండ్లి ఊరేగింపులన్నిటికీ మా ఖుల్లా మోటారే. కాపుల పెండ్లి, పద్మశాలీల పెండ్లి, మా సాయిబుల బారాత్, అన్నిటికీ ఒకటే కిరాయి. సినిమా ప్రచారానికి మైకు కట్టారు. ఎన్నికలకు జెండాలు కట్టారు, అన్ని పార్టీలవీ. వర్ని దగ్గరి బడాపహాడ్ దర్గాకు మొక్కులు తీసుకుపోయింది. ఆ మొక్కుల్లో సగం హిందువులవి. సంతరోజు వెనక సీటు తీసి పసుపు సంచులు వేసుకునేవాడు. మొన్న తలుపుల లోపలి రేకు ఊడదీస్తే సందుల్లో నుంచి దోసెడు పసుపు రాలింది. వాసన పోయింది, రంగు పోలేదు.

1992 డిసెంబరు తర్వాత ఊరేగింపులకు పిలుపులు తగ్గిపోయాయి. బండి పాతదయిపోయింది గదా అన్నారు. కావచ్చు. అయితే అది అంతకు ముందు నలభై ఏళ్లుగా పాతదే. తర్వాత కొన్నాళ్లకు టైర్లు దొరక్క ఇటుకల మీదికి ఎక్కించాం. దాదా పోయాక దాని మీద కోళ్లు పొదిగాయి.

దాన్ని మళ్లీ నిలబెట్టాలన్న కోరిక గల్ఫ్ నుంచి వచ్చింది. మా చాచా కొడుకు అక్కడ పాత కార్ల పోటీలు చూశాడు. డబ్బు తాను పెడతానన్నాడు. ఒక షరతు పెట్టాడు: "కంపెనీ నుంచి వచ్చినప్పుడు ఎట్లుండెనో అట్ల కావాలె. అస్లీ." నగరం నుంచి ఒక నిపుణుణ్ని పంపాడు. ఆయన మర్యాదస్తుడు, పని తెలిసినవాడు. రెండు రోజులు కారు కిందా మీదా చూసి, ఒక జాబితా రాసిచ్చాడు. ఏవేవి తీసెయ్యాలో ఆ జాబితా.

జాబితా చదువుతుంటే మాకు ఊరు కనపడింది.

నేల చెక్కలు, తలుపుల లోపలి చట్రం: తీసెయ్యాలి. అవి ఎడ్లబండ్లు చేసే వడ్ల తాత వేసినవి. అసలు చెక్క చెద పట్టిపోతే తుమ్మ చెక్కతో కొత్తవి చేశాడు. బండి చక్రానికి ఆకులు దిగ్గొట్టినట్టే బిగించాడు. అరవై ఏళ్లయినా కదల్లేదు.

సీట్లు: తీసెయ్యాలి. ఆ తోలు కుట్టింది మాదిగ మామ. మోట బొక్కెనకు తోలు కుట్టిన చేతులతోనే కారు సీటు కుట్టాడు. బొక్కెన కుట్టు నీళ్లు కారనివ్వదు, వాన కూడా దిగదు. లోపలి దూది ఏకింది దూదేకుల సాయిబు.

ముందు చక్రాల ఇరుసు బుషులు: మార్చాలి. అవి బోధన్ శక్కర్‌నగర్‌లో, 1937లో స్థాపించిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ వర్క్‌షాపులో పనిచేసిన ఒక టర్నర్ లేత్ మీద చేసిచ్చినవి. ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. ఆ చేతుల పని ఇంకా తిరుగుతున్నది మా బండిలో.

కార్బొరేటరు: అంబాసిడర్‌ది. బ్యాటరీ: అసలుది 6 వోల్టులది, దొరక్క 12కు మార్చారు. డైనమో, బల్బులు అన్నీ దానికి తగినట్టు మారాయి. సైలెన్సర్ గొట్టం కమ్మరి కొలిమిలో వంచింది. చక్రాలు వేరే కారువి, అతికేలా హబ్బులు తిప్పించినవి. పైకప్పు గుడ్డ మా దాదీ కుట్టిన తాడిపత్రి.

జాబితా చివర ఆయన ఖర్చు వేశాడు. విలాయతు నుంచి సామాను తెప్పించాలి. సీట్లు అచ్చు అట్లాంటి తోలుతోనే కుట్టించాలి. రంగు గీకి అడుగున ఉన్న అసలు రంగు కనుక్కుని అదే వెయ్యాలి. అన్నీ అయితే ఈ కారు ఏ పోటీలోనైనా నిలుస్తుందన్నాడు. అబద్ధం కాదు. మేము అడిగాం: "ఇవన్నీ తీసేస్తే మిగిలేదేమిటి?" ఆయన నిజాయితీగా చెప్పాడు: "ఛాసిస్, ఇంజిన్ బ్లాకు, గేరుబాక్సు, కొంత రేకు."

చౌమహల్లా ప్యాలెస్‌లో ఒక కారుంది. మీరూ చూసే ఉంటారు. 1912 నాటి రోల్స్ రాయిస్ సిల్వర్ గోస్ట్. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కోసం ఆర్డరిచ్చిన కారు. 1911 ఆగస్టులో ఆయన చనిపోయాడు. కారు ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ కొలువుకు చేరింది. దాని బాడీ కట్టింది లండన్ బార్కర్ కంపెనీ. వెనకాల సింహాసనంలా ఎత్తయిన సీటు, అందుకే థ్రోన్ కారన్నారు. రంగు పసుపు. దాన్ని ఎంతో శ్రద్ధగా బాగుచేసి నిలబెట్టారు. చూస్తే కళ్లు చెదురుతాయి. అది ఎందుకంత అస్లీగా మిగిలింది? తిరిగింది చాలా కొద్ది దూరం గనుక. ఎండకు ఎండలేదు, వానకు తడవలేదు, పసుపు సంచులు మొయ్యలేదు. ఏ వడ్ల తాత చేతా ఏ కమ్మరి చేతా పడవలసిన అవసరం దానికి రాలేదు.

మా కారు అస్లీగా మిగలకపోవడానికి కారణం అది బతకడమే. రాజుగారి కారుకు ఉన్న స్వచ్ఛత మా కారుకు లేదు. మాకూ లేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఈ దేశం తనదనుకున్న కారు ఒకటుంది: అంబాసిడర్. మంత్రులు ఎక్కారు, కలెక్టర్లు ఎక్కారు, టాక్సీవాలాలు ఎక్కారు. అది ఎక్కడిది? ఆక్స్‌ఫర్డ్ పక్కన కౌలీలో పుట్టిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్. మా ఖుల్లా మోటారుకు వరసకు తమ్ముడు. 1957 నుంచి 2014 దాకా బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో తయారైంది. మన గుంటల రోడ్లకు తగినట్టు మారింది, మన మెకానిక్కుల చేతుల్లో ఇంకా మారింది. "నీ మూలం ఎక్కడ? నీ అసలు ఊరికి పో" అని అంబాసిడర్‌ను ఎవరూ అనలేదు. 57 ఏళ్లు ఇక్కడ తయారైతే కారు దేశీ అయిపోతుంది. వందల ఏళ్లు ఇక్కడ పుట్టి ఇక్కడి మట్టిలో కలిసిన మనుషులు కాలేదు.

అస్లీ అన్న ఈ మాట మాకు కొత్తది కాదు. రెండు వైపుల నుంచీ వింటూనే ఉన్నాం.

ఒకరంటారు: మీ అసలు రూపం హిందువే, మధ్యలో అంటుకున్నది గీకేసి ఘర్ వాపసీ రండి. ఇంకొకరు, మా సొంతవాళ్లే, తెల్ల జుబ్బాలు వేసుకుని సాయంత్రాలు ఇంటికొచ్చి అంటారు: పీర్ల పండుగ అస్లీ ఇస్లాం కాదు, దర్గాకు పోవడం కాదు, మీ ఆడవాళ్లు పసుపు రాసుకునే పెండ్లి తంతు కాదు, మీ ఉర్దూ కూడా ఉర్దూ కాదు, సగం తెలుగు. గీకెయ్యండి. అడుగున అసలు రంగు ఉంది, అది వెయ్యండి.

ఇద్దరికీ ఒకే జబ్బు. అడుగున ఏదో స్వచ్ఛమైన రంగు ఉందని, మీదున్నదంతా మురికి అని. మీదున్నది మా బతుకు. పీర్ల చావడి ముందు అలావా చుట్టూ తిరిగే బహుజనుల అడుగులు, "నక్కో" అంటూనే "వద్దురా" అనే మా నోళ్లు, మామా బావా అన్న వరసలు. ఇదంతా తీసేస్తే మిగిలేదేమిటి? ఛాసిస్సు, కొంత రేకు.

మా చాచా కొడుకుతో ఫోనులో వాదన పడింది. వాడు చెడ్డవాడు కాదు. పరాయి దేశంలో ఉండేవాడికి తనదంటూ ఒకటి మెరుస్తూ కనపడాలని ఉంటుంది. "పాత అతుకులు చూపిస్తే గరీబోళ్లనుకుంటరు" అన్నాడు. "గరీబోళ్లమే కదా" అన్నాం. చాలాసేపు మాట్లాడలేదు.

పని ఆర్మూరులోనే చేయించాం. చేసినవాడు గల్ఫ్‌లో 18 ఏళ్లు డెంటింగ్, పెయింటింగ్ చేసి తిరిగొచ్చిన మా వీధి మనిషే. 2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదిక, ముస్లిం కార్మికులు ఎక్కువగా ఉన్న పనుల్లో బండ్ల మరమ్మతునూ లెక్కించింది. అది మా రక్తంలో ఉన్న కళేమీ కాదు. ఆఫీసుల్లో కుర్చీ దొరకనివాడి చేతికి అందింది పానా. దాంతోనే అతడు పనిమంతుడయ్యాడు.

ప్రాణానికి సంబంధించిన వాటిలో మేము రాజీ పడలేదు. మోరిస్ ఎయిట్ ఇంజిన్ 918 సీసీ, నాలుగు సిలిండర్లు, మూడు గేర్లు. కనెక్టింగ్ రాడ్ల బేరింగులు తెల్లలోహం పోసి తయారుచేసే పాత పద్ధతివి. అవి అరిగిపోయి ఉంటే హైదరాబాద్‌లో ఒక ముసలాయన చేత మళ్లీ పోయించాం. ఆ కాలానికే దీనికి హైడ్రాలిక్ బ్రేకులున్నాయి. రబ్బరు కప్పులు, గొట్టాలు అన్నీ కొత్తవి వేయించాం. కరెంటు తీగలు మొత్తం మార్పించాం. చెక్కలు, సీట్లు, బుషులు మాత్రం ముట్టుకోలేదు. తోలుకు నూనె రాశాం. రంగు గీకలేదు. పెండ్లిళ్ల కోసం దాదా వేయించిన గోధుమ రంగే ఉంచి, ఊడినచోట కలిపి వేయించాం.

మిగిలింది పైకప్పు. దాని దగ్గర మా ఇంటి ఆడవాళ్లు నోరు విప్పారు.

ఖుల్లా మోటారు అని ఊరంతా అన్నా, అది మా ఆడవాళ్లకు ఎన్నడూ ఖుల్లా కాలేదు. దాదీ ఎక్కితే పైకప్పు వేసేవారు, పక్కలకు పరదాలు కట్టేవారు. కంపెనీవాడు పక్క తెరలకు సెల్యులాయిడ్ కిటికీలు పెట్టాడు. బయటివాళ్లకు కనపడకూడదని దాదా వాటి స్థానంలో మందపు గుడ్డ వేయించాడు. దాదీ ఏమీ అనలేదు. ఒక మధ్యాహ్నం కూర్చుని, తాను కూర్చునే వైపు తెరకు నాలుగు వేళ్ల మేర కోసి, జాలీ కుట్టుకుంది. బడాపహాడ్ పోయే దారి, అంకాపూర్ చేలు, నిజామాబాద్ బజారు, అన్నీ ఆమె ఆ నాలుగు వేళ్ల సందులోంచే చూసింది. నిపుణుడి జాబితాలో దాని పేరు "చిరుగు".

"ఆ తెర తీస్తే మేము ఒప్పుకోం" అంది మా అమ్మీ. పరదాను మెచ్చుకుని కాదు. ఆమె ఎప్పుడూ ఆ సీట్లో ఊపిరాడక కూర్చున్న మనిషే. "మీ దాదీ ఒక్కతే ఈ కారులో తనకోసం చేసుకున్న పని అది" అంది. తాడిపత్రి కొత్తది వేయించాం, ఆ తెరను అట్లాగే ఉంచాం. బండి నడిచిన రోజు పైకప్పు మడిచి అమ్మీని ముందు సీట్లో కూర్చోబెట్టాం. నడిపింది మా చెల్లెలు కూతురు. ఇంటి వెనక పసుపు ఆరబోసే కళ్లం చుట్టూ మూడు చుట్లు. "గాలి ఎక్కువుంది" అంది అమ్మీ, చున్నీ సర్దుకుంటూ. దిగమంటే దిగలేదు.

కళ్లం చుట్టూనే ఎందుకు, రోడ్డు మీదికి ఎందుకు రాలేదని అడుగుతారు. కాగితాలు.

50 ఏళ్లు దాటిన బండ్ల కోసం 2021 జులైలో కేంద్రం ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. వింటేజ్ బండి అని గుర్తిస్తే నంబరు పలకమీద వీ ఏ అన్న అక్షరాలు వస్తాయి. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది, మళ్లీ పొడిగించుకోవడానికి 5,000. రోజూ తిప్పుకోవడానికి లేదు, ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, మరమ్మతుకు మాత్రమే. మంచి నిబంధనే. అయితే బండి అసలు రూపంలో ఉండాలంటుంది, ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు ఉండకూడదంటుంది. ఇక్కడా అదే ప్రశ్న.

ఈ పనిమీద ఒక కార్యాలయానికి పోయాం. దాదా పేర రాసిన ఉర్దూ కాగితం చూపించాం. అక్కడి గుమాస్తా దాన్ని తిప్పి తిప్పి చూశాడు. తేదీ ఒక్కటే చదవగలిగాడు. "1358లో కార్లు ఎక్కడున్నయి సార్?" అన్నాడు. ఫస్లీ అంటే ఈ గడ్డ మీద రెవెన్యూ లెక్కల సంవత్సరమని, 1358 ఫస్లీ అంటే 1948-49 అని, జాగీర్లను రద్దుచేసిన చట్టం మీద కూడా ఇదే సంవత్సరం ఉందని చెప్పాం. అతడికి ఆశ్చర్యం. అతడి తాత పట్టా కాగితం కూడా ఉర్దూలోనే ఉండి ఉంటుంది. మేము రెండు భాషల్లో రాసి బతికేవాళ్లం గనుక అక్కడే కూర్చుని తెలుగులోకి మార్చి రాసిచ్చాం. "అధికారిక అనువాదం కావాలె" అన్నాడు. 2017 నవంబరులో తెలంగాణ రాష్ట్రమంతటా ఉర్దూను రెండో అధికార భాషగా చేశారు. ఆ కబురు ఆ బల్ల దాకా ఇంకా చేరలేదు.

ఇంటికొచ్చే దారిలో మేమెవరమూ మాట్లాడలేదు. అందరి తలలోనూ ఒకే సంగతి. 2019 ఆగస్టులో అస్సాంలో పౌరుల జాబితా నుంచి 19 లక్షలమంది పేర్లు జారిపోయాయి. ఆ డిసెంబరులో పౌరసత్వ సవరణ చట్టం వచ్చినప్పుడు మా వీధిలో ప్రతి ఇంట్లో ఇనప్పెట్టెలు తెరిచారు. కారుకు కాగితం లేదంటే కళ్లం చుట్టూ తిప్పుకుంటాం. మనిషికి కాగితం లేదంటే ఎక్కడ తిప్పుకోవాలి?

మేము నిర్ణయించుకున్నది ఇది. దరఖాస్తు పెడతాం. అనువాదానికి ముద్ర వేయిస్తాం. "మార్పులు ఏమైనా ఉన్నచో" అని అడిగితే దాచం. తుమ్మ చెక్క, బొక్కెన కుట్టు, శక్కర్‌నగర్ బుషులు, కొలిమి గొట్టం, అంబాసిడర్ కార్బొరేటరు, దాదీ జాలీ, అన్నీ వరసగా, ఎవరు ఏ కాలంలో వేశారో తెలుగులోనూ ఉర్దూలోనూ రాసి జతచేస్తాం. పరీక్షించడానికి వచ్చినవాళ్లు దాన్ని అసలు రూపమని ఒప్పుకుంటే పలక బిగించుకుని మామావాళ్ల ఊరికి పోతాం. ఒప్పుకోకపోతే బండి వాకిట్లోనే ఉంటుంది, పిల్లలు ఎక్కి హారన్ కొడతారు. వాళ్లు ఒప్పుకోవాలని ఈ అతుకుల్లో ఒక్కటి కూడా విప్పం.

మా చాచా కొడుకు రంజానుకు వచ్చాడు. కారు చుట్టూ తిరిగాడు. బానెట్ ఎత్తి చూశాడు, దించాడు. కొట్టం ఇచ్చిన రైతు మనవడు కూడా ఆ రోజు వచ్చి ఉన్నాడు, ఈ ఏడు పసుపు మండకూ కొమ్ముకూ ధర ఎంత పలికిందో చెబుతున్నాడు. "బావా, బ్యాటరీ దిగిపోయినట్టుంది, నూకాలె" అన్నాడు. ఇద్దరూ వెనక నిలబడి నూకారు.